ఒకే కోడ్, రెండు కుంపట్లు: ఓపెన్ఆఫీస్ నుంచి లిబ్రెఆఫీస్ దాకా

డబ్బు కట్టకుండా వాడుకునే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కోసం వెతికితే మొదట ఎదురయ్యే చిక్కు ఇది: ఓపెన్ఆఫీస్ అని ఒకటి కనిపిస్తుంది, లిబ్రెఆఫీస్ అని ఇంకొకటి. తెరిచి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. రాతకు రైటర్, లెక్కల పట్టికలకు క్యాల్క్, స్లైడ్లకు ఇంప్రెస్ అని లోపల పేర్లు కూడా అవే. పేరు ఎక్కువసార్లు విన్నాం కదా అని చాలామంది ఓపెన్ఆఫీస్‌ను దించుకుంటారు. మొదట్లో నేనూ అదే చేశాను.

ఏది వేసుకోవాలని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేస్తాను: లిబ్రెఆఫీస్. ఎందుకని అడిగితే మాత్రం కాస్త కూర్చోవాలి. ఈ కథలో ప్రోగ్రామింగ్ కంటే కాగితాల గొడవే ఎక్కువ. కోడ్ ఎవరి పేరు మీద ఉంది, సంతకం ఎవరు పెట్టాలి, ఎవరి దగ్గర నుంచి ఎవరు తీసుకోవచ్చు అనే మూడు ప్రశ్నలు పట్టుకుంటే మిగతా చిక్కుముడి దానంతటదే విడిపోతుంది.

1985లో జర్మనీలోని లూనెబుర్గ్‌లో మార్కో బోరీస్ అనే పదహారేళ్ల కుర్రాడు స్టార్ డివిజన్ అనే కంపెనీ పెట్టాడు. ఆనాటి చిన్న కంప్యూటర్ల కోసం రాసిన స్టార్‌రైటర్‌తో మొదలై, లెక్కల పట్టికలు, బొమ్మలు, స్లైడ్లు ఒక్కొక్కటే చేరి అది స్టార్‌ఆఫీస్ అయింది. ఇప్పటికీ లిబ్రెఆఫీస్ సోర్స్ కోడ్ తెరిస్తే రైటర్ ఉన్న ఫోల్డర్ పేరు 'ఎస్‌డబ్ల్యూ', క్యాల్క్‌ది 'ఎస్‌సీ', డ్రా, ఇంప్రెస్ కలిసి ఉన్నది 'ఎస్‌డీ'. ఆ ఎస్ అక్షరం స్టార్‌దే. ఇన్ని చేతులు మారినా పుట్టింటి ఇంటిపేరు పోలేదు.

1999లో సన్ మైక్రోసిస్టమ్స్ 7.35 కోట్ల డాలర్లు పెట్టి ఈ కంపెనీని కొనేసింది. అప్పట్లో సన్‌లో దాదాపు 42,000 మంది ఉద్యోగులు. వాళ్లందరికీ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లైసెన్సులు కొనడం కంటే ఒక కంపెనీని కొనేయడమే చవకగా తేలిందని, సన్‌లో పనిచేసిన సైమన్ ఫిప్స్ తర్వాత చెప్పుకొచ్చారు. పోటీదారుణ్ణి దెబ్బ కొట్టాలన్న ఆలోచన కూడా ఉందనుకోండి. 2000 జులైలో కోడ్‌ను బయటపెడతామని సన్ ప్రకటించింది, అక్టోబరు 13న పెట్టింది. 'ఓపెన్ఆఫీస్' అన్న పేరు మీద అప్పటికే వేరేవాళ్లకు ట్రేడ్‌మార్క్ ఉండటంతో ప్రాజెక్టుకు ఓపెన్ఆఫీస్ డాట్ ఆర్గ్ అని తోక తగిలించాల్సి వచ్చింది. 1.0 వెర్షన్ 2002లో వచ్చింది.

ఇక అసలు విషయం. ఏ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకైనా రెండు వేర్వేరు కాగితాలు ఉంటాయి. ఒకటి లైసెన్సు: ఈ కోడ్‌ను జనం ఎలా వాడుకోవచ్చో చెబుతుంది. రెండోది కాపీరైట్: కోడ్ ఎవరి పేరు మీద ఉందో చెబుతుంది. మామూలుగా మన చూపు మొదటిదాని మీదే ఉంటుంది. ఓపెన్ఆఫీస్‌కు ఎల్‌జీపీఎల్ లైసెన్సు ఉండేది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మార్చినదాన్ని పంచితే ఆ మార్పుల కోడ్ కూడా బయటపెట్టాలి. చక్కగా ఉంది.

రెండో కాగితం దగ్గరే పేచీ. బయటివాళ్లు రాసిన మార్పు అసలు కోడ్‌లో చేరాలంటే, దాని మీద కాపీరైట్‌ను సన్‌తో పంచుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. సన్‌కు అది అవసరం కూడా. ఎందుకంటే అదే కోడ్‌ను స్టార్‌ఆఫీస్ పేరుతో, వేరే లైసెన్సు కింద డబ్బుకు అమ్ముతోంది. కోడ్ అంతా తన పేరు మీద ఉంటేనే అలా అమ్మగలదు. బయట డెవలపర్ వైపు నుంచి చూడండి: నేను ఊరికే ఇచ్చినదాన్ని వాళ్లు తమకు నచ్చిన షరతులతో అమ్ముకోవచ్చు, వాళ్లు రాసినదాన్ని నేను ఎల్‌జీపీఎల్ షరతులు దాటి వాడుకోలేను. అందరిదీ అన్న ఇంట్లో తాళాల గుత్తి మాత్రం ఒకరి నడుముకే ఉంది.

దీంతో చాలా మంచి మార్పులు గుమ్మం బయటే నిలబడిపోయాయి. నోవెల్ కంపెనీలో మైకేల్ మీక్స్, ఆయన సహచరులు ఆ మార్పులన్నీ ఒక మూటగా కట్టి పెట్టుకున్నారు. తర్వాత దానికి గో-ఓఓ అని పేరొచ్చింది. చాలా లినక్స్ పంపిణీలు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టంను ప్రోగ్రాములతో కలిపి ఇచ్చే కట్టలు) ఓపెన్ఆఫీస్ పేరుతో తమ వాడుకరులకు ఇచ్చింది నిజానికి ఈ మూటతో కలిపిన రూపమే. అంటే వేరు కుంపటి 2010లో వెలిగిందని అందరూ అంటారు గానీ, పెరట్లో అది ఎప్పటినుంచో రాజుకుంటూనే ఉంది.

2010 జనవరిలో డేటాబేస్ కంపెనీ ఒరాకిల్ సన్‌ను సొంతం చేసుకుంది. కొత్త యజమానికి ఈ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మీద ఎంత ఆసక్తి ఉందో ఎవరికీ తెలియదు. ఆ ఏడాది సెప్టెంబరు 28న ప్రాజెక్టులో ముఖ్యులైన చాలామంది కలిసి ద డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థను ప్రకటించారు. తమ కోడ్‌కు లిబ్రెఆఫీస్ అని పేరు పెట్టారు. ఇంగ్లిష్‌లో 'ఫ్రీ' అంటే ఊరికే వచ్చేదీ అదే, స్వేచ్ఛా అదే కాబట్టి, స్వేచ్ఛ అని మాత్రమే అర్థం వచ్చే 'లిబ్రె' మాటను తెచ్చుకున్నారు. మనకు ఉచితం, స్వేచ్ఛ అని రెండు మాటలున్నా, సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి మనమూ ఉచితం అనే అలవాటుగా అనేస్తాం.

మీరూ రండి, ఓపెన్ఆఫీస్ పేరు కూడా మాకివ్వండి అని వాళ్లు ఒరాకిల్‌ను పిలిచారు. ఒరాకిల్ రాలేదు. పైగా అక్టోబరులో, కొత్త ఫౌండేషన్‌లో చేరినవాళ్లు ఓపెన్ఆఫీస్ కమ్యూనిటీ కౌన్సిల్ నుంచి తప్పుకోవాలని ఒరాకిల్ తరఫువాళ్లు అడిగారు. తప్పుకున్నారు, కోడ్ పట్టుకుపోయారు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, లైసెన్సు ఆ హక్కును 2000లోనే ఇచ్చేసింది. పట్టుకుపోలేనిది ఒక్కటే: పేరు. ట్రేడ్‌మార్క్‌కు కోడ్ లైసెన్సు వర్తించదు. పనిచేసేవాళ్లలో చాలామంది కొత్త ఇంటికి వెళ్లారు, పదేళ్లు సంపాదించిన పేరు పాత ఇంట్లో ఉండిపోయింది. ఈనాటికీ జనం పొరబడి ఓపెన్ఆఫీస్ దించుకోవడానికి మూలం ఇదే.

లిబ్రెఆఫీస్ మొదటి వెర్షన్, 3.3, 2011 జనవరి 25న వచ్చింది. సంస్థను జర్మనీలో చట్టబద్ధంగా నెలకొల్పడానికి 50,000 యూరోల మూలధనం కావాలని ఫిబ్రవరిలో విరాళాలు అడిగితే ఎనిమిది రోజుల్లో సమకూరింది. 2012లో బెర్లిన్‌లో రిజిస్టరైంది. ఈసారి కాపీరైట్ ఎవరికీ రాసివ్వక్కర్లేదు. ఎవరి కోడ్ వాళ్ల పేరు మీదే ఉంటుంది, షరతు లైసెన్సు ఒక్కటే. బోర్డులో ఒకే కంపెనీవాళ్లు నిండిపోకుండా నిబంధన కూడా పెట్టుకున్నారు. ఒకసారి చెయ్యి కాలింది కదా.

కథ ఇక్కడ ఇంకో మలుపు తిరిగింది. 2011 జూన్‌లో ఒరాకిల్ ఓపెన్ఆఫీస్‌ను వదిలించుకుంది. అయితే ఇచ్చింది డాక్యుమెంట్ ఫౌండేషన్‌కు కాదు, అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు. వెనక ఐబీఎం మద్దతు ఉంది. అపాచీ తన కోడ్ అంతటికీ అపాచీ లైసెన్సు పెడుతుంది. తీసుకెళ్లి ఏమైనా చేసుకో, మార్పులు తిరిగి ఇవ్వకపోయినా పర్వాలేదు అనే ధోరణి దానిది. లిబ్రెఆఫీస్ లైసెన్సులు ఎల్‌జీపీఎల్, మొజిల్లా. మార్పులు పంచాలంటే వాటి కోడ్ కూడా బయటపెట్టాలంటాయవి.

ఈ రెండూ పక్కపక్కన పెడితే ఏం జరుగుతుందో చూడండి. అపాచీ కోడ్‌ను లిబ్రెఆఫీస్ తీసుకోవచ్చు. వదులు షరతుల కోడ్ గట్టి షరతుల గూట్లో ఇమిడిపోతుంది. లిబ్రెఆఫీస్ కోడ్‌ను అపాచీ తీసుకోలేదు. తీసుకుంటే ఆ గట్టి షరతులు వెంట వస్తాయి, అవి అపాచీ నియమాలకు పొసగవు. నీరు పల్లమెరుగు అన్నట్టు కోడ్ ఒకవైపుకే పారడం మొదలైంది. ఐబీఎం తన సొంత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లోటస్ సింఫనీ నుంచి ఇచ్చిన సైడ్‌బార్ 2013లో అపాచీ ఓపెన్ఆఫీస్ 4.0లో వస్తే, అదే ఏడాది లిబ్రెఆఫీస్‌లోకీ నడిచొచ్చింది. ఎదురు ప్రయాణానికి లైసెన్సులు ఒప్పుకోవు.

కాలక్రమంలో అపాచీ వైపు చేతులు తగ్గిపోయాయి. 4.1 వెర్షన్ 2014లో వచ్చింది, ఆ తర్వాత వచ్చినవన్నీ దాని మీద చిన్నచిన్న దిద్దుబాట్లే. 2016లో ప్రాజెక్టును మూసేయడం కూడా ఒక దారి కావచ్చని దాని కమిటీ అధ్యక్షుడే చర్చకు పెట్టారు. మూయలేదు. 4.1 వరసలో, మైక్రోసాఫ్ట్ వర్డ్ మామూలుగా వాడే డాక్ఎక్స్ ఫైళ్లను తెరవొచ్చు గానీ ఆ రూపంలో సేవ్ చేయలేం. 2020 అక్టోబరులో, కోడ్ బయటికొచ్చి ఇరవయ్యేళ్లు నిండిన సందర్భంగా, మీ దగ్గరికి వచ్చేవాళ్లకు లిబ్రెఆఫీస్ అనేది ఒకటుందని కనీసం చెప్పండి అని డాక్యుమెంట్ ఫౌండేషన్ బహిరంగ లేఖ రాసింది. నా మటుకు నాకు ఆ అడగడం న్యాయంగానే అనిపిస్తుంది.

పాత ఇల్లు బాగుచేయడం

కొత్త కాపురానికి వచ్చిన సామానులో బూజు తక్కువేం లేదు. స్టార్ డివిజన్ ప్రోగ్రామర్లు కోడ్ మధ్యలో రాసుకున్న వివరణలు వేల వరుసల కొద్దీ జర్మన్‌లో ఉన్నాయి. ఒక ఫంక్షన్ ఎందుకలా రాశారో తెలియాలంటే జర్మన్ రావాలి. ఆ వ్యాఖ్యలను ఇంగ్లిష్‌లోకి మార్చడం కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చే తేలిక పనుల జాబితాలో పెట్టారు. ప్రోగ్రామింగ్ అంతగా రాకపోయినా జర్మన్ వస్తే చాలు, ప్రాజెక్టులో కాలు పెట్టొచ్చు. ఏళ్ల తరబడి సాగిందా పని. ఎవరూ పిలవని ఫంక్షన్లను వెతికి తీసేయడం కూడా ఆ జాబితాలోనే ఉండేది. కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే పాత బిల్డ్ యంత్రాంగాన్ని మొత్తం మార్చేశారు. వాడుకరికి ఇవేవీ కనిపించవు. కానీ బయటి మనిషి వచ్చి ఒక సాయంత్రం కూర్చుని ఏదైనా దిద్ది వెళ్లగలిగే స్థితి దీనివల్లే వచ్చింది.

తెలుగులో రాసేవాళ్లకు నేరుగా తగిలిన మార్పు ఒకటుంది. వత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోబెట్టే పనిని విండోస్‌లో ఒక ఇంజను, లినక్స్‌లో ఇంకొకటి, మ్యాక్‌లో వేరొకటి చేసేవి. ఒకే ఫైలు మూడు మెషీన్లలో మూడు రకాలుగా కనబడే అవకాశం ఉండేది. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్నిచోట్లా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజనుకు మారారు.

ఫైలు ఎందుకు చెదురుతుంది

ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్దపీట దీనిదే: వర్డ్‌లో శుభ్రంగా ఉన్న డాక్యుమెంట్ ఇక్కడ తెరిస్తే పేజీలు జరిగిపోతాయి. సాఫ్ట్‌వేర్ నాసిరకమని తేల్చేసేముందు ఫైలు అంటే ఏమిటో చూడాలి.

లిబ్రెఆఫీస్‌లో సేవ్ చేసిన ఓడీటీ ఫైలును కాపీ చేసి, పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. నిజంగానే అది జిప్ మూట. లోపల కంటెంట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్లో మీ వాక్యాలు కనిపిస్తాయి, స్టైల్స్ అనే దాంట్లో అలంకరణ ఉంటుంది. మొదటిసారి అలా తెరిచి నా పేరా నాకే కనబడ్డప్పుడు భలే సరదా వేసింది. దీనికి ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ అని పేరు; 2005లో ఓయాసిస్ సంస్థ దగ్గర ప్రమాణమైంది, 2006లో ఐఎస్ఓ ప్రమాణమైంది. డాక్ఎక్స్ కూడా ఇలాంటి జిప్ మూటే. దాని ప్రమాణం 2006 డిసెంబరులో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ దగ్గర, పెద్ద రగడ తర్వాత 2008లో ఐఎస్ఓ దగ్గర ఆమోదం పొందింది. ఆ పత్రం 6,000 పేజీలు దాటింది.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఈ మూటల్లో ఎక్కడా 'పేజీ' లేదు. ఉన్నవి ఆదేశాలే: ఈ ఫాంట్, ఈ సైజు, ఇంత మార్జిన్. లైను ఎక్కడ విరగాలి, పేజీ ఎక్కడ తెగాలి అన్నది ఫైలు తెరిచిన ప్రోగ్రాం అప్పటికప్పుడు లెక్క కడుతుంది. ఒకే వంటకానికి ఒకే కొలతలు ఇచ్చినా ఇద్దరి చేతిలో రుచి తేడా వచ్చినట్టే ఇదీ. మొదటి తేడా ఫాంట్ దగ్గర వస్తుంది. డాక్యుమెంట్ క్యాలిబ్రిలో ఉండి, మీ మెషీన్లో ఆ ఫాంట్ లేకపోతే వేరేది వేసుకోవాలి. ఆ వేరేదాని అక్షరం వెంట్రుకవాసి వెడల్పుగా ఉన్నా లైనులో చివరి మాట కిందికి దిగుతుంది, పేరా ఒక లైను పెరుగుతుంది, ఇరవయ్యో పేజీకి వచ్చేసరికి బొమ్మ ఒకచోట, దాని కింది వివరణ ఇంకోచోట. అందుకే అక్షరాల వెడల్పు క్యాలిబ్రితో అచ్చంగా సరిపోయేలా కార్లిటో అనే ఫాంట్, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకు సరిపోయేలా లిబరేషన్ ఫాంట్లు తయారయ్యాయి. ఆకారం కాస్త వేరుగా ఉన్నా కొలత ఒకటే. తెలుగు ఫాంట్లకు ఇలాంటి జోడీలు లేవు కాబట్టి, పంపేవాళ్లూ అందుకునేవాళ్లూ ఒకే ఫాంట్ వేసుకోవడమే దారి.

రెండో తేడా పాత అలవాట్లది. డాక్ఎక్స్ ప్రమాణంలో వర్డ్ 95 మాదిరిగా ఖాళీలు వదులు, వర్డ్ 97 నియమాల ప్రకారం లైను విరువు అనే అర్థం వచ్చే సెట్టింగులు నిజంగా ఉన్నాయి. వర్డ్ 95 ఖాళీలు ఎలా వదిలేదో మొదటి ప్రతి చదివినవాళ్లకు అర్థమయ్యేట్టు లేదు. 'మా తాత చేసినట్టు చేయి' అంటే తాతను చూసినవాళ్లే చేయగలరు. ఈ ప్రమాణంలో స్ట్రిక్ట్, ట్రాన్సిషనల్ అని రెండు రూపాలుంటే, పాత బరువంతా మోసే ట్రాన్సిషనల్‌లోనే వర్డ్ మామూలుగా సేవ్ చేస్తుంది.

కాబట్టి లిబ్రెఆఫీస్ డెవలపర్ల పనిలో పెద్ద భాగం డిటెక్టివ్ పనిలా ఉంటుంది. ఎవరో ఒక ఫైలు పంపి, ఆరో పేజీలో టేబుల్ తప్పిందంటారు. వర్డ్ అక్కడ ఏం లెక్క వేసిందో ఊహించాలి, కోడ్ దిద్దాలి, మళ్లీ చెడకుండా ఆ ఫైలునే పరీక్షగా చేర్చాలి. ఒక ఫైలు బాగుపడితే ఇంకో ఫైలు చెడటం కొత్త కాదు. అది ఎప్పుడు చెడిందో పట్టుకోవడానికి వాళ్లు వాడే పద్ధతి నాకు భలే నచ్చుతుంది. వేల సంఖ్యలో పాత రూపాలను వెంటనే నడిచేలా తయారుచేసి దాచిపెడతారు. పరీక్షించేవారు సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తెరుస్తారు. అందులో బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉంది, బాగోకపోతే ముందు సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 16,000 రూపాల్లోంచి పద్నాలుగు ప్రయత్నాల్లో తప్పు చేసిన మార్పు దొరికిపోతుంది. దీనికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, ఓపిక చాలు.

జీతం ఎవరిస్తారు

లిబ్రెఆఫీస్ అంతా సెలవురోజుల్లో సరదాకి రాసేవాళ్ల పని అనుకుంటే పొరపాటు. అనువాదాలు, పరీక్షలు, సాయం చేయడం చాలావరకు స్వచ్ఛందమే. కోడ్‌లో బరువైన భాగం మాత్రం జీతం తీసుకునేవాళ్లు రాసేదే. 2013లో సూసే కంపెనీ లిబ్రెఆఫీస్ బృందం కొలాబొరా అనే కంపెనీకి మారింది. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ ఇంజనీర్లు ఏళ్ల తరబడి పనిచేశారు. 2023లో రెడ్ హ్యాట్ ఇకముందు తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో లిబ్రెఆఫీస్‌ను ప్యాకేజీగా ఇవ్వనని చెప్పింది. ఇలా ఒక చెయ్యి వెనక్కి తగ్గితే ఆ పని ఇంకొకరి మీద పడుతుంది.

వాడేవాళ్లు పెద్దవాళ్లే. ఇటలీ రక్షణ శాఖ 2015లో లక్షన్నర కంప్యూటర్లకు ప్రణాళిక ప్రకటించింది. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో 30,000 కంప్యూటర్లను మారుస్తామంది. మ్యూనిక్ నగరం ఎప్పుడో మారి, 2017లో మళ్లీ విండోస్‌కు వెనక్కి వెళ్లాలని తీర్మానించింది. కష్టమేమిటంటే, సంస్థ ఎంత పెద్దదైనా రూపాయి కట్టకుండా దించుకుని వాడుకోవచ్చు. లైసెన్సు అడ్డు చెప్పదు. వేలాది మంది వాడే సంస్థ ఏ కంపెనీతోనూ సపోర్టు ఒప్పందం చేసుకోకుండా, బగ్ వచ్చినప్పుడు మాత్రం వాలంటీర్ల మీద గట్టిగా అరవడం డెవలపర్ల పాత ఆవేదన.

2020లో 7.0 విడుదలకు ముందు పరీక్ష రూపాల్లో 'పర్సనల్ ఎడిషన్' అన్న ముద్ర కనిపించింది. ఆఫీసులకు వాడేవాళ్లు కంపెనీల దగ్గర సపోర్టు కొనుక్కోవాలన్న సూచన అందులో ఉంది. ఇకమీదట డబ్బు అడుగుతారేమోనని వాడుకరులు భగ్గుమన్నారు. ముద్ర తీసేశారు, మరుసటి ఏడాది 7.1లో 'కమ్యూనిటీ' అనే మెత్తటి మాట వచ్చింది.

సరిగ్గా అదే 2020 అక్టోబరులో కొలాబొరా తన బృందం ప్రధానంగా రాస్తున్న లిబ్రెఆఫీస్ ఆన్‌లైన్‌ను, అంటే బ్రౌజర్లో నడిచే రూపాన్ని, ఫౌండేషన్ గూటి నుంచి తీసి కొలాబొరా ఆన్‌లైన్ పేరుతో తన దగ్గరికి మార్చుకుంది. అందరం కలిసి పెంచినదాన్ని తీసుకుపోతారా అని ఫౌండేషన్ వైపు కొందరు నొచ్చుకున్నారు. ఊరికే ఇస్తే మాకు జీతాలెలా అని కంపెనీ వైపు వాదన. కోడ్ పట్టుకుపోవడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, లైసెన్సులో ఆ హక్కు ఉంది. రాసేవాళ్లు కొత్త చోటికి వెళ్లారు, లిబ్రెఆఫీస్ ఆన్‌లైన్ అన్న పేరు ఫౌండేషన్ దగ్గర ఉండిపోయింది. పదేళ్ల కిందట ఇదే నాటకంలో గుమ్మం దాటి వెళ్లిన పాత్ర ఫౌండేషన్‌ది.